దీవానీయా? ఫౌజుదారీయా?

ఈమారు టపా ఛందస్సు గురించి కాదు, సంధుల గురించి కాదు. భూమి గురించి, కోర్టుల గురించి. తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మా బాన్సువాడ వంటి ఊళ్లో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడి ఇంటికి జనం పద్యానికి తాత్పర్యం చెప్పమని రారు, కాగితం చదివిపెట్టమని వస్తారు. ఆ కాగితాలు చాలావరకు భూమి కాగితాలే. ఇన్నేళ్లుగా వాటిని చదువుతూ, అర్థం కానిచోట వకీళ్లను అడుగుతూ, దొరికిన తీర్పులను కూడబలుక్కుంటూ నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఒకటుంది. దాన్ని మీ ముందు పెడుతున్నాను.

ముందు ఒక మాట సంగతి చూద్దాం. 'కబ్జా' అరబీ పదం. ఉర్దూ మీదుగా నిజాం కాలపు కచేరీలలోకి, అక్కడినుండి మా తెలంగాణ పల్లెల నోళ్లలోకి వచ్చింది. దానికి మూలార్థం స్వాధీనం, అంతే. అందులో మంచీ లేదు, చెడూ లేదు. పాత పహాణీలలో పట్టాదారు పేరుకు ఒక గడి, కాస్తు చేసుకుంటూ కబ్జాలో ఉన్నవాడి పేరుకు మరొక గడి ఉండేవి. "భూమి నా కబ్జాలనే ఉన్నది" అని రైతు ధైర్యంగా చెప్పుకునేవాడు. అది అతని హక్కుకు సాక్ష్యం. ఇప్పుడు అదే మాట తిట్టు. కబ్జాకోరు అంటే దౌర్జన్యపరుడు. 'కంపు' అన్న మాట ఒకప్పుడు వట్టి వాసననే చెప్పి, తరువాత దుర్వాసనకే పరిమితమైన తీరు పాఠం చెప్పేటప్పుడు ఉదాహరించేవాణ్ణి. 'కబ్జా' కూడా ఆ దారినే పోయింది. (ధరణి కాలంలో అనుభవదారు గడి కూడా రికార్డులనుండి తొలగిపోయింది. మాటకు మంచి అర్థం మిగిలివున్న ఆ ఒక్క చోటూ అలా పోయింది.)

ఇది వట్టి భాషా విషయం కాదు. స్వాధీనాన్ని చెప్పే మాట నేరాన్ని చెప్పే మాటగా మారేసరికి, భూమి తగవు వచ్చిందంటే జనానికి మొట్టమొదట ఠాణాయే గుర్తుకొస్తున్నది. అక్కడినుండే ఒక అపోహ పుట్టింది. "దొంగ సంతకం, దొంగ రిజిస్ట్రేషన్ అంటున్నారు కదా, అది క్రిమినల్ సంగతి. క్రిమినల్ కేసు ఉండగా సివిల్ కోర్టు దాన్ని ముట్టుకోదు" అని చదువుకున్నవారు సైతం అంటారు. మా పెద్దల భాషలో చెప్పాలంటే, ఫౌజుదారీలో పడ్డది దీవానీకి రాదని.

ఇది నిజం కాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదో సెక్షన్ తేటగానే ఉంది. సివిల్ స్వభావం గల ప్రతి దావానూ విచారించే అధికారం సివిల్ కోర్టుకు ఉంది. ఏదైనా చట్టం స్పష్టంగానో, భావం చేతనో నిషేధించినవి మాత్రమే దానికి వెలి. ఆస్తి హక్కు గురించిన తగవు సివిల్ స్వభావం గలదేనని ఆ సెక్షన్ కింది వివరణే చెబుతుంది. ఆ ఆస్తి చేతులు మారడంలో నేరం జరిగిందన్నంత మాత్రాన దావా స్వభావం మారదు. అదే కోడ్‌లో ఆరవ ఆర్డరు నాలుగవ నియమం చూడండి. మోసం, బలవంతం, అనుచిత ప్రభావం వంటివి ఆరోపించే వాది తేదీలతో సహా వాటి వివరాలు దావాలో రాయాలంటుంది. మోసం మాట వినబడగానే చేతులు కడుక్కోవలసిన కోర్టయితే, ఆ మోసాన్ని ఎలా రాయాలో నియమం పెట్టుకుంటుందా?

అసలు మనవాళ్లు వ్యవహారాన్ని ఎలా చూశారో ఒకమారు తలచుకుందాం. మాకు నైరుతి దిక్కున ఉన్న నేటి బసవకల్యాణం ఒకప్పుడు పశ్చిమ చాళుక్యుల రాజధాని. అక్కడ ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. పదమూడవ శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయమన్న పేర తెనిగించాడు. ధర్మశాస్త్రాల్లో వ్యవహార పదాలు పద్దెనిమిది. అప్పు, నిక్షేపం, సరిహద్దు తగవు, దొంగతనం, కొట్లాట అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. రాజు కొలువు ఒకటే, సభ్యులూ వారే. అయినా బృహస్పతి ఆ పద్దెనిమిదింటినీ రెండుగా విడదీశాడు: పద్నాలుగు ధనమూలాలు, నాలుగు హింసామూలాలు అని. కోర్టు ఒకటే అయినప్పుడు కూడా ప్రశ్నలు రెండు రకాలని ఆయన గుర్తించాడన్నమాట. ఇక బలవంతం చేతగానీ మోసం చేతగానీ రాయించుకున్న పత్రం చెల్లదని యాజ్ఞవల్క్యుడే చెప్పాడు. కపటపు దస్తావేజుకు 'కూటలేఖ్యం' అని పేరు. ఆ రాసినవాణ్ణి దండించడం ఒక పని, ఆ లేఖ్యాన్ని కొట్టివేయడం మరొక పని.

నా వాదమంతా ఈ రెండు పనుల భేదం మీదే. క్రిమినల్ కోర్టు ముందున్న ప్రశ్న "ఈ మనిషి నేరం చేశాడా?" అని. సివిల్ కోర్టు ముందున్న ప్రశ్న "ఈ భూమి ఎవరిది, ఈ కాగితం చెల్లుతుందా?" అని. మొదటిదానికి సందేహానికి తావులేని రుజువు కావాలి. రెండోదానికి ఏ పక్షం నిజమయ్యే అవకాశం ఎక్కువో తూచితే చాలు. కాబట్టి ఒకే వేలిముద్ర మీద రెండు కోర్టులు రెండు వేర్వేరు నిర్ణయాలకు వచ్చినా అది వింత కాదు. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడంటే భూమి అతనిదయిందని అర్థం కాదు. శిక్ష పడ్డదంటే రిజిస్టరులోని దస్తావేజు దానంతటదే చెరిగిపోదు. 2005లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ మాటే చెప్పింది. ఒక కోర్టు కనుగొన్న విషయం రెండో కోర్టును కట్టిపడేయదు, ఎవరి ముందు వచ్చిన సాక్ష్యాన్నిబట్టి వారు తేల్చుకోవాలి అని. అంతకు ఎంతో ముందే, 1954లో, మద్రాసు రాష్ట్రపు కేసు ఒకదానిలో రెండూ ఒకేసారి నడిస్తే ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. సాధారణంగా క్రిమినల్ కేసుకు ముందు చోటివ్వడం మంచిదన్నారు. అయితే అది రాతిమీద గీత కాదనీ, ఏ కేసు పరిస్థితి దానిదేననీ కూడా అన్నారు. సివిల్ దావా వినే అధికారమే లేదని ఎవరూ అనలేదు. కొన్నాళ్లు ఆపవచ్చునా అన్నదే చర్చ.

ఇక్కడ నా పాత శిష్యుడి సంగతి చెప్పాలి. పేరూ ఊరూ అక్కరలేదు. మంజీర కాలువ కింద అతని తల్లికి పుట్టింటివారిచ్చిన కొద్దిపాటి పొలం ఉంది. ఆమెకు చదువు రాదు. దగ్గరి చుట్టం ఒకడు బ్యాంకు అప్పు కాగితమని చెప్పి తీసుకుపోయి వేలిముద్ర వేయించాడు. చాలాకాలానికి అది విక్రయ దస్తావేజని తెలిసింది. ఠాణాలో మొదట "ఇది సివిల్ మ్యాటర్" అన్నారు. తిరగ్గా తిరగ్గా కేసు నమోదయింది. ఇక నిశ్చింతగా ఉన్నాడు మావాడు. సివిల్ దావా వేశావా అని అడిగితే, "ఠాణల కేసైంది గద సార్, మల్ల కోర్టుకెందుకు? వాళ్లను లోపలేస్తే భూమి మనదే అయితది గద!" అన్నాడు. "వాడు లోపలికి పోతడేమో బిడ్డా, రిజిస్టర్ల ఉన్న కాగితం మాత్రం బయటనే ఉంటది" అన్నాను. అతనికి నా మాట నచ్చలేదు. ముఖం చూస్తేనే తెలిసింది.

అతని తప్పేమీ లేదు. 'దొంగ రిజిస్ట్రేషన్' అన్న మాటలోనే దొంగ ఉన్నాడు. దొంగను పోలీసు పట్టుకోవాలి కదా అనుకోవడం సహజం. కాని ఆ మాట కింద జనం కలిపేస్తున్న సంగతులు కనీసం మూడున్నాయి. యజమానిగా వేషం కట్టిన మరొకడు వచ్చి సంతకం చేయడం ఒకటి. యజమాని చేతనే మాయమాటలు చెప్పి సంతకం చేయించడం రెండోది. మూడోది, తనది కాని భూమిని తనదేనని చెప్పి తన పేరుతోనే, తన సంతకంతోనే మరొకడికి అమ్మడం. మూడింటినీ మనవాళ్లు ఫోర్జరీ అంటారు. బీహారు నుండి వచ్చిన ఒక కేసులో 2009లో సుప్రీంకోర్టు ఈ మూడోదాన్ని విడమర్చింది. తనది కాని ఆస్తిని తనదని రాసి అమ్మినవాడు మరొకడిగా నటించలేదు, మరొకడి సంతకం పెట్టలేదు. కాబట్టి ఆ దస్తావేజు శిక్షాస్మృతి చెప్పే అర్థంలో కూటపత్రం కాదు అన్నది. మోసపోయానని కొనుక్కున్నవాడు ఫిర్యాదు చేయవచ్చు. అసలు యజమానిని ఆ అమ్మినవాడు ఏ మాటా చెప్పి నమ్మించలేదు గనుక వంచన కేసు అతనికి నిలవదు అన్నది. ఈ తీర్పు సారం మొదటిసారి తెలిసినప్పుడు నాకు కాసేపు నోట మాట రాలేదు. భూమి పోయినవాడికి క్రిమినల్ కోర్టు తలుపే లేని సందర్భమది. అతనికి ఉన్న తలుపు సివిల్ కోర్టు ఒక్కటే. నేరం మాట వచ్చింది కాబట్టి ఆ తలుపూ మూసుకుపోతుందంటే అతను ఎక్కడికి పోవాలి?

సివిల్ కోర్టుకు నేరాన్ని పరిశీలించే శక్తి లేదనేవారు మరొక పాత కథ వినాలి. తమిళనాట ఒక సాహుకారు తరఫున అతని గుమాస్తా కోర్టు వేలంలో ఆస్తి కొన్నాడు. కొన్నది యజమాని కోసమే గనుక తన హక్కు వదులుకుంటూ ఆయనకు విడుదల పత్రం రాసిచ్చాడు. బాకీ ఉన్నవారు సాహుకారుకు డబ్బు కట్టేశారు. ఆ తరువాత గుమాస్తా విడుదల పత్రం సంగతి దాచిపెట్టి, ఆ ఆస్తిలో తనకు వాటా ఉందని విభాగ దావా వేసి డిక్రీ తెచ్చుకున్నాడు. నిజం బయటపడ్డాక కింది కోర్టు ఆ డిక్రీని పనికిరాదంది. హైకోర్టు మాత్రం అన్నీ చెప్పవలసిన బాధ్యత వాదికి లేదంది. 1993లో సుప్రీంకోర్టు హైకోర్టు మాటను కొట్టివేసి, మోసంతో తెచ్చుకున్న డిక్రీ ఏ కోర్టు ఇచ్చినా శూన్యమేనని తేల్చింది. మోసం జరిగిందెక్కడ? సివిల్ కోర్టు లోపలే. పట్టుకున్నదెవరు? సివిల్ కోర్టే. కోర్టులో దాఖలైన పత్రం విషయంలో నేరం జరిగిందని తోస్తే, ఆ కోర్టే విచారించి క్రిమినల్ కోర్టుకు ఫిర్యాదు పంపే మార్గం కూడా చట్టంలో ఉంది. ఒకప్పుడది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 340వ సెక్షన్. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 379. వేలిముద్రలను నిపుణుడికి పంపడం, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని వేలిముద్రల రిజిస్టరును తెప్పించుకోవడం సివిల్ కోర్టుకు కూడా సాధ్యమే.

మరి తొమ్మిదో సెక్షన్‌లోని ఆ "నిషేధించినవి" ఏవి? మన తెలుగునాటే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ భూ ఆక్రమణల నిషేధ చట్టం వచ్చింది. హైదరాబాదు వంటి నగరాల చుట్టూ భూముల ధరలు పెరిగి, ముఠాలు ప్రభుత్వ భూములనూ ప్రైవేటు భూములనూ ఆక్రమిస్తున్న రోజులవి. మామూలు కోర్టుల్లో ఏళ్లు పడుతుందని ఒక ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. హైకోర్టు న్యాయమూర్తి స్థాయివారు అధ్యక్షులు, జిల్లా న్యాయమూర్తి స్థాయివారు ఇద్దరు, కలెక్టరు స్థాయివారు ఇద్దరు సభ్యులు. ఆ కోర్టు సివిల్ కోర్టూ అవుతుంది, సెషన్సు కోర్టూ అవుతుంది. భూమి ఎవరిదో తేల్చేదీ అదే, ఆక్రమించినవాణ్ణి శిక్షించేదీ అదే. దాని పరిధిలోకి వచ్చే కేసులు ఇతర కోర్టుల్లో ఉంటే అవి దీనికి బదిలీ అవుతాయి. వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలన్నారు. దీవానీ, ఫౌజుదారీ రెంటినీ ఒకే గూటిలోకి తెచ్చారన్నమాట. ఇదే దారిలో తరువాత కర్ణాటక, గుజరాత్ వంటి రాష్ట్రాలూ చట్టాలు చేసుకున్నాయి.

ఆ చట్టంలో ఎనిమిదో సెక్షన్ నాకు మిక్కిలి ఇష్టం. సివిల్ బాధ్యతను ముందు తేల్చాలా, క్రిమినల్ బాధ్యతను ముందు తేల్చాలా అన్నది ఆ కోర్టే నిర్ణయించుకుంటుంది. క్రిమినల్ విచారణలో వచ్చిన సాక్ష్యాన్ని సివిల్ విచారణలో వాడుకోవచ్చు. కాని సివిల్ విచారణలో అదనంగా వచ్చిన సాక్ష్యాన్ని క్రిమినల్ బాధ్యత తేల్చడానికి వాడకూడదు. కోర్టు ఒకటే, న్యాయమూర్తులు వారే, భూమి అదే. అయినా రెండు ప్రశ్నల మధ్య గోడ మాత్రం నిలిచే ఉంది. ఆ గోడకు తలుపు ఒక వైపే తెరుచుకుంటుంది. మనిషిని జైలుకు పంపే సాక్ష్యానికి కట్టుబాటు ఎక్కువ ఉండాలన్నది చట్టం రాసినవారికి తెలుసు. బృహస్పతికీ తెలుసు.

ఈ చట్టం కింద తెలుగువారందరికీ తెలిసిన కేసు కొండా లక్ష్మణ్ బాపూజీది. ఆదిలాబాదు ప్రాంతంలోని వాంకిడిలో 1915లో పుట్టినవారు. వకీలు, స్వాతంత్ర్య పోరాటయోధులు, చేనేత సహకారోద్యమ నాయకులు, మంత్రిగా ఉండి 1969లో తెలంగాణ కోసం పదవి వదులుకున్నవారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆయన నివాసం జలదృశ్యం. 2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టింది ఆ ఇంటనే. ఆ స్థలం ప్రభుత్వానిదని సర్కారు ప్రత్యేక న్యాయస్థానానికి వెళ్లింది. దశాబ్దాలుగా తన స్వాధీనంలో ఉందన్నది బాపూజీ వాదాలలో ఒకటి. ప్రత్యేక న్యాయస్థానంలో, హైకోర్టులో ఓడిపోయాక ఆయన సుప్రీంకోర్టుకు పోయారు. 2002 జనవరిలో అక్కడా ఆయన అప్పీలు కొట్టివేశారు. దీర్ఘకాల స్వాధీనం వల్ల హక్కు వచ్చిందన్న వాదాన్ని కూడా ప్రత్యేక న్యాయస్థానం విచారించవచ్చునన్నారు. ఒకణ్ణి భూ ఆక్రమణదారుడనాలంటే ఆక్రమణ జరగడం ఒక్కటే చాలదు, చట్టబద్ధమైన హక్కు లేకుండా అక్రమంగా స్వాధీనం చేసుకోవాలన్న ఉద్దేశం కూడా ఉండాలని అదే తీర్పులో నిర్వచించారు. జలదృశ్యం ఆ ఏడే నేలమట్టమయింది. 2012లో ఆయన కన్నుమూశారు.

ఆ స్థలం ఎవరిదన్న ప్రశ్నకు అత్యున్నత న్యాయస్థానం జవాబు చెప్పింది. దాన్ని తిరగదోడే అర్హత నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. నన్ను వేధించేది మరొకటి. అదే తగవు మామూలు సివిల్ కోర్టులో నడిచి, ఆయన ఓడిపోయి ఉంటే? "వాది హక్కు రుజువయింది, ప్రతివాది స్థలం అప్పగించాలి" అని డిక్రీ వచ్చేది. మనిషి దావా ఓడిపోయేవాడు, అంతే. దావా ఓడినవాడికి మన సమాజంలో అగౌరవం లేదు. రాజులూ జమీందారులూ ప్రీవీ కౌన్సిలు దాకా పోయి ఓడినవారే. కాని ఈ చట్టం కింద ఓడినవాడి మీద ఒక బిరుదు అంటుకుంటుంది. హక్కు ప్రశ్నా నేర ప్రశ్నా ఒకే పళ్లెంలో వడ్డిస్తే జరిగేది ఇదే. భూమి ఎవరిదో తేల్చుకునే తొందరలో మనిషి ఎలాంటివాడో కూడా తేల్చేస్తాం. ముఠాలు కట్టి, కత్తులు పట్టి, కంచెలు పీకి ఆక్రమించేవాడికి ఆ బిరుదు తగినదే; దశాబ్దాల నాటి పత్రాన్నో స్వాధీనాన్నో నమ్ముకున్నవాడికి తగదని నా అభిప్రాయం. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మరింత కఠినంగా కొత్త భూ ఆక్రమణల బిల్లును ఆమోదించింది. దాన్ని మెచ్చుకునేవారే ఎక్కువ కనిపించారు. నాకు మాత్రం ఎనిమిదో సెక్షన్‌లోని ఆ గోడ ఎంత ఎత్తున నిలుస్తుందన్నదే ముఖ్యం.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. సివిల్ కోర్టులో దావా తాత వేస్తే మనుమడు తీర్పు వింటాడన్నది మన పల్లెల్లో వేళాకోళం కాదు, అనుభవం. పోలీసు కేసైతే ఎదుటివాడు భయపడి దిగివస్తాడు. ఆ భయం కోసమే చాలామంది ఠాణాకు పోతారన్నది అందరికీ తెలిసిన రహస్యం. నిజమే. కాని ఆ భయం ఇరువైపులా పనిచేస్తుంది. ఈరోజు బీదవాడు పెట్టిన కేసుకు పెద్దవాడు భయపడితే, రేపు పెద్దవాడు పెట్టించిన కేసుకు బీదవాడు భయపడి తన పొలం మీద రాజీకాగితం రాసిస్తాడు. సివిల్ తగవులకు క్రిమినల్ ముసుగు వేస్తున్నారని సుప్రీంకోర్టు ఎన్నోమార్లు మందలించింది. 2025లో ఉత్తరప్రదేశ్ పోలీసుల విషయంలో చాలా ఘాటుగానే అన్నది. పోలీసు చేయవలసిన పని పోలీసు చేయాలి. వేషగాడు సంతకం చేస్తే పట్టుకోవాలి, "సివిల్ మ్యాటర్" అని తప్పించుకోకూడదు. పొలం ఎవరిదో పంచాయితీ మాత్రం అక్కడ జరగకూడదు.

ఇంతకూ నన్ను ఈ టపా రాయడానికి కూర్చోబెట్టింది పై తీర్పులు కావు. కాలపరిమితి. నా శిష్యుడి వంటివారికి ఎవరూ చెప్పనిది ఇదే.

1963 నాటి కాలపరిమితి చట్టంలో 59వ అధికరణం ఉంది. దస్తావేజును రద్దు చేయించుకునే దావా, రద్దుకు కారణమైన సంగతులు తెలిసిన నాటినుండి మూడేళ్లలో వేయాలి. మోసం తెలిసిన రోజునుండి లెక్క మొదలవుతుంది. మోసంతో సంతకం చేయించుకున్న కాగితాలకు ఇదే వర్తిస్తుంది. సంతకమే తనది కానప్పుడు దారి వేరు. ఆ కాగితం పుట్టుకతోనే శూన్యం కాబట్టి, హక్కును బట్టి స్వాధీనం కోరుతూ పన్నెండేళ్ల లోపల దావా వేసుకోవచ్చు. మరి, సంతకం తనదే కాని అప్పు కాగితమని చెప్పి విక్రయ పత్రం మీద వేయించుకున్నారనుకోండి? కాగితం ఏమిటన్నదే దాచారా, లోపలి షరతుల గురించి అబద్ధం చెప్పారా అన్న సూక్ష్మ భేదం 1968లో సుప్రీంకోర్టు చూపింది. మొదటిదయితే శూన్యం, రెండోదయితే రద్దు చేయించుకుంటేనే పోతుంది. వినడానికి బాగుంది. కాని మన కథ ఏ గడిలో పడుతుందో తెలిసేది వాదోపవాదాలన్నీ అయ్యాక. అప్పుడు "అయ్యో, మీది మూడేళ్ల గడి" అంటే చేసేదేముంది? అందుకని మూడేళ్ల లెక్కే పెట్టుకోవాలి.

ఇక అసలు ముల్లు. అధికారం లేని కోర్టులో శ్రద్ధగా, సద్బుద్ధితో పోరాడిన కాలాన్ని మినహాయించే వెసులుబాటు అదే చట్టం పద్నాలుగో సెక్షన్‌లో ఉంది. అయితే ఆ పోరాటం సివిల్ పోరాటమై ఉండాలి. ఠాణా చుట్టూ తిరిగిన కాలం, చార్జిషీటు కోసం ఎదురుచూసిన కాలం, వాయిదాలకు సాక్షిగా పోయివచ్చిన కాలం, ఇవేవీ ఆ లెక్కలోంచి తీసివేయరు. క్రిమినల్ కేసు తేలాక సివిల్ సంగతి చూద్దామనుకున్నవాడు తేలేనాటికి సివిల్ దారి పోగొట్టుకుంటాడు. నిందితుడికి శిక్ష పడవచ్చు కూడా. భూమి మాత్రం అతనో, అతని దగ్గర కొన్నవాడో దున్నుకుంటూ ఉంటారు. బలవంతంగా వెళ్లగొట్టబడినవాడికైతే గడువు మరీ తక్కువ. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ కింద, హక్కు రుజువుతో పని లేకుండా స్వాధీనం తిరిగి పొందే దావాకు ఆరు నెలలే. ఠాణాలో ఒక్క కేసు నమోదు కావడానికే అంత కాలం పట్టడం నేను చూశాను.

నేను లెక్క వేసేనాటికి మావాడికి మోసం తెలిసి రెండేళ్ల ఏడు నెలలయింది. మిగిలినవి అయిదు నెలలు. ఇది చెప్పాక కాసేపు ఏమీ అనలేదు. తరువాత "మరి ఠాణల కేసు వాపసు తీస్కోవాల్నా సార్?" అని అడిగాడు. అక్కర్లేదు, అది దాని దారిన, ఇది దీని దారిన నడుస్తాయని చెప్పి, తెలిసిన వకీలు దగ్గరికి పంపాను. మా బాన్సువాడలోనే కోర్టుంది, దూరం పోనక్కరలేదు.

వకీలుగారు అతనికి మొదట అప్పగించిన పని తేదీల పట్టిక. ఏ రోజు ఎవరు వచ్చి ఏమన్నారు, ఏ బండిలో తీసుకుపోయారు, వేలిముద్ర వేసేటప్పుడు పక్కన ఎవరున్నారు, కాగితం ఎవరైనా చదివి వినిపించారా, అది విక్రయ పత్రమని ఎప్పుడు, ఎవరి ద్వారా తెలిసింది. ఆరవ ఆర్డరు నాలుగవ నియమం కోరేది అదే. వాళ్లమ్మ చెబుతుంటే అతనూ నేనూ రెండు సాయంత్రాలు కూర్చొని రాశాం. ఆమెకు తేదీలు గుర్తులేవు. పీర్ల పండుగ తరువాత, వరికోతల ముందర, చిన్న మనుమరాలి పురుడు నాడు అని చెప్పింది. వాటిని పంచాంగం ముందుపెట్టుకొని నెలలుగా, రోజులుగా మార్చాను.